ఇంటిపన్ను పెంచాలా అని అడిగే ముందు గల్లీకి ధర కట్టండి

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో బల్దియా, అంటే మన నగర పాలక సంస్థ, బడ్జెట్ వార్త జిల్లా పేజీలో పడుతుంది. మొత్తం ఇన్ని కోట్లు, నిరుటి కన్నా ఇంత ఎక్కువ, కొత్త పన్నులు లేవు. ఆ చివరి ముక్క చదివి ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది. నాకు గుబులు పుట్టేది అక్కడే. చెత్త బండి డ్రైవర్ జీతం పెరిగింది, డీజిల్ పెరిగింది, పంపుల కరెంటు బిల్లు పెరిగింది, ఊరూ పెరిగింది. వచ్చే డబ్బు మాత్రం అట్లనే ఉంటుందంటే ఎక్కడో ఏదో తగ్గక తప్పదు. ఏది తగ్గుతుందో బడ్జెట్ పుస్తకంలో రాయరు. అది జూలైలో మన ఇంటి ముందు మోరీ చెబుతుంది.

నేను ఇంటిపన్ను పెంచాలనే వాళ్లలో ఒకణ్ని. ఈ మాట వరంగల్‌లోనైనా హన్మకొండలోనైనా కాజీపేటలోనైనా చాయ్ దుకాణం ముందు అంటే తిట్లే పడతాయి. "కట్టిన పన్నుకు ఏం చేసిండ్రని మళ్ల పెంచుతరు?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఇవ్వాలంటే ముందు ఒక కాగితం కావాలి. ఏ సేవ, ఏ స్థాయిలో, ఇంటికి నెలకు ఎంత పడుతుంది? బడ్జెట్ ముసాయిదా మీద కూర్చునే వాళ్లు, దాన్ని కమిటీ అనండి మరొకటనండి, ఆ కాగితం ముందు పెట్టుకోకుండా పన్ను పెంచినా తప్పే, పెంచకపోయినా తప్పే.

ముందు మన బిల్లు సంగతి చూద్దాం. ఇంటిపన్నుకు పునాది వార్షిక అద్దె విలువ. ఇంటి ప్లింత్ ఏరియాను, అంటే కట్టిన విస్తీర్ణాన్ని, చదరపు మీటరుకు నెలకు ఇంత అని నిర్ణయించిన రేటుతో, తర్వాత పన్నెండుతో హెచ్చవేస్తారు. రేటు ఏ జోన్, ఏ కట్టడం, ఏ వాడకం అన్నదాన్ని బట్టి మారుతుంది. స్లాబుకు ఒకటి, రేకులకు ఒకటి, దుకాణానికి మరొకటి. ఇంటి వయసును బట్టి కొంత తగ్గింపు ఉంటుంది. సొంతదారే ఉంటే ఆ తరుగుదల కలుపుకుని 40 శాతం దాకా తగ్గింపు. మిగిలిన దాని మీద పన్ను శాతం. ఆ పన్ను మీద మరో 8 శాతం గ్రంథాలయ సెస్సు. ఈ సెస్సు వసూలు చేసేది బల్దియా, చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు.

ఒక లెక్క వేసి చూడండి. ఇల్లు 100 చదరపు మీటర్లు, రేటు మీటరుకు రూ.8, పన్ను 20 శాతం అనుకుందాం. ఏడాది అద్దె విలువ రూ.9,600. సొంతిల్లు కాబట్టి 40 శాతం పోతే రూ.5,760. అందులో 20 శాతం రూ.1,152. సెస్సుతో రూ.1,244. నెలకు నూట నాలుగు రూపాయలు. అంకెలు మీ బిల్లులో వేరే ఉంటాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే. ఆ నూట నాలుగు రూపాయలను గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

రూ.9,600 ఏడాది అద్దె అంటే నెలకు రూ.800. ఆ సైజు ఇల్లు ఇప్పుడు ఆ అద్దెకు హన్మకొండలో కాదు గదా, నగరంలో కలిపిన విలీన గ్రామాల్లో కూడా దొరకదు. రేటు అంత తక్కువగా ఎందుకుందంటే, ఉమ్మడి రాష్ట్రంలో పట్టణాల ఇళ్లకు సాధారణ పన్ను సవరణ చివరిసారి జరిగింది 2002లో, వాణిజ్య భవనాలకు 2007లో. ఆ తర్వాత పెరిగిన వసూలు ఎక్కువ భాగం కొత్త ఇళ్లు చేరడం వల్ల, పాతవాటి కొలతలు సరిచేయడం వల్ల. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే ఇరవై ఏళ్లలో మూడు రెట్లు దాటుతాయి. అంటే అప్పటి వెయ్యి రూపాయల పన్ను ఇప్పుడు మూడొందల పై చిల్లర కొనగలిగే పన్ను. ఎవరూ తగ్గించామని ప్రకటించలేదు, అయినా తగ్గింది.

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2021లో అద్దె విలువ వదిలేసి ఆస్తి మూలధన విలువకు మారింది. ఒక్కసారిగా మోత మోగకుండా ఏడాదికి 15 శాతం మించి పెరగొద్దని పరిమితి పెట్టుకుంది. 15వ ఆర్థిక సంఘం కూడా ఊరికే గ్రాంటు ఇవ్వలేదు. ఇంటిపన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, ఆ తర్వాత వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరిగిన వేగంతో సమానంగా పెరగాలి అని షరతు పెట్టింది. "పన్ను పెంచం" అని సభలో చప్పట్లు కొట్టించుకోవచ్చు, ఢిల్లీ గ్రాంటు కాగితంలో మాత్రం అది లోటు గడిలోకి పోతుంది.

చెత్త బండి ఖరీదు

ఇక సేవల వైపు. నేను చెప్పేవి బల్దియా లెక్కలు కావు, ఎవరైనా తమ అంకెలు వేసుకుని సరిచూసుకోగల కూడికలు.

ఇంటింటికీ తిరిగే స్వచ్ఛ ఆటో సంగతి చూడండి. ఇంటికి 25 సెకన్లు పడితే ఆరు గంటల్లో 860 ఇళ్లు. తాళాలు, ఇరుకు గల్లీలు, అడ్డం పెట్టిన బైకులు తీసేస్తే 800. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 400 గ్రాముల చెత్త, అంటే ఇంటికి 1.6 కిలోలు. మొత్తం 1,280 కిలోలు. చిన్న ఆటో ట్రాలీలో 600, 700 కిలోలకు మించి పట్టదు కాబట్టి రెండు ట్రిప్పులు. రెండో ట్రిప్పు ఎక్కడ ఖాళీ చేస్తుందన్నదే అసలు మెలిక. ట్రాన్స్‌ఫర్ స్టేషన్, అంటే చెత్తను పెద్ద లారీల్లోకి మార్చే చోటు, దగ్గరుంటే సరే. లేక వరంగల్ తూర్పు కొస నుంచి మడికొండ దాటి రాంపూర్ డంపింగ్ యార్డు దాకా పోవాలంటే ఆ ఆటో సగం పొద్దు రోడ్డు మీదే. అప్పుడు చివరి రెండొందల ఇళ్లకు బండి రాదు. ఆ గల్లీ వాళ్లు కవరు కట్టి మోరీలో వేస్తారు. "జనానికి బుద్ధి లేదు" అని ఆ తర్వాత అవగాహన ర్యాలీ తీస్తారు. తప్పు దారి మ్యాపులో ఉంటే ర్యాలీ ఏం చేస్తుంది?

ఆటో నెల ఖర్చు చూద్దాం. డ్రైవర్, హెల్పర్‌కు చెరో రూ.16,000 అనుకుంటే, పీఎఫ్, ఈఎస్‌ఐలో యజమాని వాటా కలిపి మనిషికి దాదాపు రూ.18,500, ఇద్దరికీ రూ.37,000. రోజుకు 40 కిలోమీటర్లు, ఆగుతూ కదులుతూ పోయే బండి లీటరుకు 12 ఇస్తే డీజిల్ నెలకు రూ.9,500. టైర్లు, క్లచ్చు, మరమ్మతులు రూ.4,000. ఎనిమిది లక్షల బండి ఏడేళ్లు నడుస్తుందనుకుంటే అరుగుదల నెలకు రూ.9,500. మొత్తం రూ.60,000. ఇక్కడ చాలా అంచనాలు ఆగిపోతాయి. చెత్త వారానికి ఏడు రోజులు వస్తుంది, మనిషికి వారానికి ఒక రోజు సెలవు కావాలి. ఆ ఆరో వంతు అదనపు మనిషి ఖర్చు మరో రూ.6,000. దీన్ని రాయకపోతే ఆదివారం బండి రాదు, లేదా సెలవు లేకుండా చాకిరీ చేయిస్తారు. రెండూ చూస్తూనే ఉన్నాం. రూ.66,000ను 800 ఇళ్లకు పంచితే ఇంటికి నెలకు రూ.82.

ఇది చెత్తను గుమ్మం ముందు నుంచి ఎత్తినందుకు మాత్రమే. యార్డుకు చేర్చడం, తడి పొడి వేరు చేయడం, పాత గుట్టను బయోమైనింగ్ (తవ్వి, జల్లెడపట్టి వేరు) చేయడం ఇందులో లేవు.

ఊడ్పు ఇంకా ఖరీదు. ఒక మనిషి పొద్దున పూట రెండు పక్కలా అర కిలోమీటరు ఊడుస్తుందనుకుందాం. పది మీటర్ల ముఖద్వారం ఉన్న ఇళ్లు రెండు వరుసల్లో 100 వస్తాయి. వారానికి ఆరు రోజులు ఊడిస్తే ఇంటికి నెలకు రూ.185. అదే మనిషి మూడు వీధులు చూసుకుంటూ ఒక్కో వీధిని వారానికి రెండుసార్లు ఊడిస్తే రూ.62. వారానికి ఒక్కసారైతే రూ.31. బడ్జెట్ దగ్గర కూర్చున్న వాళ్లు నిజంగా తేల్చాల్సింది ఇది. రోజూ ఊడ్పించే స్తోమత లేకపోతే వారానికి రెండు రోజులే అని ఏ రోజో రాసి గల్లీ మొదట్లో బోర్డు పెట్టండి. ఇప్పుడు జరిగేది వేరు. కాగితం మీద రోజూ ఊడుస్తారు. నిజానికి మెయిన్ రోడ్డు, వీఐపీలు తిరిగే రోడ్డు రోజూ, మిగతావి శానిటేషన్ జవాన్‌కు వీలు దొరికినప్పుడు. సేవ తగ్గించడం తప్పని నేననను. చెప్పకుండా తగ్గిస్తే లెక్క అడిగే దారి మూసుకుపోతుంది.

వీధి దీపాలు చౌక. 35 వాట్ల ఎల్ఈడీ ఏడాదికి 4,000 గంటలు వెలిగితే 140 యూనిట్లు, యూనిట్‌కు ఏడున్నర వేసుకుంటే వెయ్యి యాభై రూపాయలు. ఆరిళ్లకు ఒక స్తంభం చొప్పున ఇంటికి నెలకు రూ.15. పగలు కూడా వెలుగుతున్నాయని ఫొటోలు పెట్టి గొడవ చేస్తాం గానీ డబ్బు పోయేది అక్కడ కాదు.

డబ్బు నీళ్లలో పోతుంది. వెయ్యి లీటర్లను ఒక మీటరు ఎత్తుకు తోడాలంటే కనీసం 2.7 వాట్ అవర్లు కావాలి. పంపు, మోటరు కలిసి 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తే నాలుగున్నర. మొత్తం 50 మీటర్ల ఎత్తుకు కిలోలీటరుకు దాదాపు 0.23 యూనిట్. అదే ఏడున్నర చొప్పున రూపాయల్లో ఒకటీ డెబ్బై. ధర్మసాగర్ నుంచి ఫిల్టర్ బెడ్డుకు, అక్కడి నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు తోడిన వంద లీటర్లలో నలభై దారిలో కారిపోతే, ఇల్లు చేరిన నీటికి ఆ ఖర్చు రెండు రూపాయల ఎనభై పైసలు దాటుతుంది. ఆ పైన ఆలం (పటిక), క్లోరిన్, లైన్‌మెన్ల జీతాలు. లెక్కకు రాని నీరు 20 శాతం మించొద్దని 2008లో కేంద్రం పెట్టిన సేవా ప్రమాణాలు చెబుతాయి. మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, ఫిర్యాదుల్లో 80 శాతం ఒక రోజులో తీర్చడం కూడా వాటిలో ఉన్నాయి. నీళ్లు, మురుగు, చెత్త, వాన నీరు కలిపి 28 కొలతలు. మన దగ్గర నల్లా రోజు విడిచి రోజు వచ్చే చోట్ల ప్రజలు రెండు రోజులకు సరిపడా పట్టుకుని, కొత్త నీళ్లు రాగానే మిగిలినవి పారబోస్తారు. ఖాళీ పైపులోకి జాయింట్ల దగ్గర మోరీ నీళ్లు చొరబడతాయి. నల్లాకు నేరుగా మోటరు పెట్టిన ఇల్లుంటే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. కాబట్టి సరఫరా స్థాయి తగ్గించి మిగిల్చామనుకున్నది దవాఖాన బిల్లుగా మారి మన ఇంటికే వస్తుంది.

నూట నాలుగు రూపాయల దగ్గరికి వద్దాం. చెత్తకు 82, వారానికి రెండుసార్లు ఊడ్పుకు 62, దీపాలకు 15. మొత్తం 159. నీళ్లు, మోరీలు, దోమల మందు, శ్మశానం, పార్కు, ఆఫీసు సిబ్బంది ఇంకా రాలేదు. ఆ ఇల్లు కట్టేది 104.

మిగతాది ఎవరు కడుతున్నారు

దుకాణాలు కొంత. వాటి రేటు ఎక్కువ, సొంతిల్లు తగ్గింపు లేదు. ఇళ్ల పర్మిషన్ ఫీజులు, లేఅవుట్ క్రమబద్ధీకరణ ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు కొంత. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కట్టే దాంట్లో స్థానిక సంస్థలకు చెందాల్సిన 1.5 శాతం బదిలీ సుంకం కొంత. వీటిలో చాలా భాగం భూముల ధరలు పరుగెడితేనే వస్తాయి. రియల్ ఎస్టేట్ చల్లబడిన ఏడాది పర్మిషన్లు పడిపోతాయి, జీతాలు పడిపోవు. ప్లాట్ల మీద వచ్చిన డబ్బుతో కొత్త డ్రెయిన్ కడితే అర్థం ఉంది, నెల నెలా ఊడ్చే మనిషి జీతం దాని మీద నిలబెట్టడం అప్పుచేసి ఉప్పు కొనుక్కోవడమే.

గ్రాంట్లతో ఆ పని చేయలేరు. 15వ ఆర్థిక సంఘం పది లక్షలు దాటని పట్టణాలకిచ్చిన దాంట్లో 60 శాతం ముడిపడిన నిధి. సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం ఎక్కడైనా వాడొచ్చన్నా, జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదని షరతు పెట్టింది. వరంగల్ 2016 మే నెలలో స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. ఆ డబ్బూ కట్టడానికే. భద్రకాళి చెరువు బండ్ మీద దీపం వెలిగించడానికి, మొక్కకు నీళ్లు పోయడానికి ఏటా కావాల్సింది బల్దియా సొంత ఆదాయంలోంచే రావాలి. 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టమంది. మంచిదే. మోరీల నిర్వహణకు అట్లాంటి కచ్చితమైన వాటా ఒకటి పెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ఈ గడ్డ మీద పాతవాళ్లకు ఈ సంగతి తెలుసు. కాకతీయుల కాలంలో చెరువు తవ్వించిన వాడికి దశబంధ మాన్యం ఇచ్చేవారు. కట్ట బాగోగులు చూసే బాధ్యత దానితో కలిసే వచ్చేది. తూము విప్పి మూసే నీరటికాడికి ఇనాం భూమి ఉండేది. చెరువుతో పాటే దాని ఏటేటి ఖర్చుకు ఆదాయం పుట్టించారు. మనం చెరువు కట్టను సుందరీకరించి శిలాఫలకం వేస్తాం, నీరటికాడి పోస్టు శాంక్షన్ కాదు.

ఇప్పుడు ఇంకా పెద్దది రాబోతోంది. 2024 నవంబర్‌లో వరంగల్ భూగర్భ డ్రైనేజీకి రూ.4,170 కోట్ల ప్రతిపాదనకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కావాల్సిన పనే. ఈ నగరం ఇన్నేళ్లూ సెప్టిక్ ట్యాంకుల మీదే నడిచింది. మలవ్యర్థాల నిర్వహణకు 2016లోనే నిబంధనలు తెచ్చి, అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం పెట్టుకున్నది అందుకే. అయితే పైపులు వేశాక ఏటా నిర్వహణకు పెట్టుబడిలో 1 శాతమే చాలనుకున్నా, అది మరీ తక్కువ అంచనా, రూ.41.7 కోట్లు. రెండు లక్షల ఇళ్లు కనెక్షన్ తీసుకున్నా ఇంటికి ఏడాదికి రూ.2,085, నెలకు రూ.174. మన ఉదాహరణ ఇల్లు కట్టే మొత్తం పన్ను కంటే ఎక్కువ. శంకుస్థాపన రోజు ఈ అంకె కూడా ఫ్లెక్సీ మీద ఉండాలి. లేకుంటే మ్యాన్‌హోల్ పొంగిన మొదటి రోజు జెట్టింగ్ మిషన్‌కు డీజిల్ ఎవరు పోస్తారో తెలియదు.

ముందు కారుతున్న బిందె

"ముందు అవినీతి ఆపండి, ఎగవేతదారుల దగ్గర వసూలు చేయండి, ఆ తర్వాత మా దగ్గరికి రండి" అనేవాళ్లతో నాకు సగం ఒప్పందమే. అవినీతిని రూపాయల్లో కట్టి బడ్జెట్లో రాయలేం. పన్ను కారిపోతున్న చోట్లు మాత్రం చూపించగలం.

మొదటిది వాడకం మారిన ఇళ్లు. కింద హాస్టల్, పైన కోచింగ్ సెంటర్, రికార్డులో మాత్రం సొంతదారు నివాసం. పట్టుకోవడానికి ఇల్లిల్లూ తిరగాల్సిన పని లేదు. ఎన్‌పీడీసీఎల్ అనే కరెంటు పంపిణీ సంస్థ దగ్గర కనెక్షన్ కేటగిరీ ఉంది. ఇంటి నంబరుతో ఆ జాబితాను కలిపితే కరెంటులో వాణిజ్యం, పన్నులో నివాసం అయిన ఇళ్లు ఒక్క రోజులో బయటపడతాయి. ఇంటి నంబర్లు రెండు చోట్లా ఒకేలా రాయకపోవడం వల్ల మొదటి జల్లెడలో సగమే దొరుకుతాయి. మిగతావి ట్రేడ్ లైసెన్సుల జాబితాతో, ఉపగ్రహ పటంలోని కప్పు కొలతతో. స్వీయ మదింపులో, అంటే యజమానే తన ఇంటి కొలతలు రాసిచ్చేటప్పుడు, తప్పు చెబితే 25 రెట్ల జరిమానా అని 2019 చట్టం భయపెట్టింది. అంత పెద్ద జరిమానా ఎవరూ వేయరు, వేయరని అందరికీ తెలుసు. మూడు రెట్లు పెట్టి తప్పకుండా వేస్తే పని జరిగేది.

రెండోది వడ్డీ మాఫీ. దీని మీద నాకు కొంచెం కోపం ఎక్కువే. ఆలస్యానికి నెలకు 2 శాతం వడ్డీ. 2020 నుంచి పలుమార్లు ఆ వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తూ వన్ టైమ్ సెటిల్‌మెంట్ ఇచ్చారు. రూ.10,000 పన్నును ఐదేళ్లు ఎగ్గొట్టిన వ్యక్తికి వడ్డీ రూ.12,000. మాఫీ తర్వాత కట్టేది రూ.1,200. అదే పదివేలు బ్యాంకులో 6 శాతానికి వేసుకుని ఉంటే వచ్చిన వడ్డీ రూ.3,000. నికరంగా రూ.1,800 లాభం. ఏప్రిల్‌లోనే కట్టి 5 శాతం రాయితీ తీసుకున్న పక్కింటాయనకు మిగిలింది రూ.500, దాన్నీ బ్యాంకులో వేసి ఉంటే రూ.650. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఇంటికి వస్తే "మార్చిలో మాఫీ వస్తదట గద" అని జనం అనడంలో వింత లేదు. ఎగవేతకు వన్ టైమ్ అని పేరు పెట్టి ప్రతిసారీ ఇస్తే అది పథకం అయిపోతుంది.

మూడోది కేంద్ర ఆస్తులు. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం వాటి మీద ఇంటిపన్ను వేయలేం. అయితే సర్వీసు ఛార్జీ వసూలు చేయొచ్చు. 2009లో రాజ్‌కోట్ కేసులో సుప్రీంకోర్టు ముందు కుదిరిన పద్ధతి ప్రకారం అన్ని సేవలూ వాడితే పన్నులో 75 శాతం, కొన్నే వాడితే 50, ఏమీ వాడకపోయినా 33.33 శాతం. కాజీపేట లాంటి రైల్వే ఊరు ఉన్న నగరంలో ఈ పద్దు బడ్జెట్లో విడి వరుసగా కనిపించాలి. ఎంత డిమాండ్ వేశారు, ఎంత వచ్చింది అని.

ఇవన్నీ చేసినా 104కు, 159కి మధ్య తేడా పూర్తిగా పూడదు. ఒకసారి రాబట్టిన బకాయి వచ్చే ఏడాది మళ్లీ రాదు. అందుకే రేటు పెంచమంటున్నాను. ఇరవై ఏళ్లు ముట్టుకోకుండా ఉంచి ఒక్కసారి మూడు రెట్లు చేయడం కాదు, ఏటా ధరల పెరుగుదలంత. 104 రూపాయల మీద 6 శాతమంటే నెలకు ఆరు రూపాయలు. చాయ్ కూడా రాదు. 75 గజాల లోపు స్థలంలో పై అంతస్తు ఒకటి దాకా ఉన్న ఇంటికి ఏడాదికి వంద రూపాయలే అని చట్టం పెట్టిన రక్షణ అట్లనే ఉండనీయండి. నిజం చెప్పాలంటే ఆ వంద వసూలు చేయడానికి బిల్ కలెక్టర్ రెండుసార్లు తిరిగితే వందా ఖర్చే. దాన్ని నల్లా బిల్లుతో కలిపి ఒక్కసారి తీసుకుంటే నయం.

ముసాయిదా చదివేటప్పుడు

పన్ను పెంపు ఒప్పుకునే ముందు కార్పొరేటర్లు అడగాల్సిన మొదటి సంగతి మూడు వరుసల పోలిక. గత ఏడాది నిజంగా వచ్చింది, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. గ్రాంట్ల పద్దులో గత ఏడాది నిజం ఇరవై ఉండి వచ్చే ఏడాది అంచనా వంద ఉంటే ఆ ఎనభై ఉత్తదే. ఆ ఎనభైని నమ్మి పనులు శాంక్షన్ చేస్తారు, ప్రతి డివిజన్‌కూ కొబ్బరికాయ కొడతారు, బిల్లులు ఆగుతాయి. కాంట్రాక్టర్ ఏడాదిన్నర ఆగాల్సి వస్తుందని తెలిసి ఆ వడ్డీని టెండరు రేటులోనే కలుపుతాడు, లేదా కాంక్రీటు మందంలో తగ్గిస్తాడు. ఆరు అంగుళాల సీసీ రోడ్డు నాలుగున్నర అంగుళాలే పడితే, పెంచి రాసిన ఆదాయానికి ఆ గల్లీ అట్లా వడ్డీ కట్టినట్టు.

రెండోది, ప్రతి సేవకూ మూడు ధరలు రాయించాలి. ఇప్పుడున్న స్థాయికి, ఒక మెట్టు కిందికి, ఒక మెట్టు పైకి. దాదాపు 407 చదరపు కిలోమీటర్లు, 66 డివిజన్లు, 42 విలీన గ్రామాలు ఉన్న ఊరికి ఒకే స్థాయి కుదరదు. పాత వరంగల్ ఇరుకు గల్లీలో ఆటో దూరదు, తోపుడు బండి కావాలి. విలీన గ్రామంలో ఇళ్లు దూరం కాబట్టి ఇంటికి డీజిల్ ఎక్కువ. అక్కడి వాళ్లు "పన్ను పట్నానిది, సేవ పంచాయితీది" అని అంటున్నారంటే, స్థాయిని బట్టి రేటులో తేడా చూపించని మన పద్ధతిదే తప్పు.

చివరగా నాలాలు. 2020 ఆగస్టు, 2023 జూలై, 2025 అక్టోబర్, మూడుసార్లూ నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వాళ్లకు బొందివాగు పేరు చెబితే చాలు. ఆక్రమణలు, ఇరుకైన వంతెనలు పెద్ద కారణాలు, వాటికి పెద్ద డబ్బు కావాలి. పూడిక తీత మాత్రం ఏటా చేసే మామూలు పని, ఏటా చెడేదీ అదే. కిలోమీటరు పొడవు, 8 మీటర్ల వెడల్పు నాలాలో అర మీటరు పూడిక అంటే 4,000 ఘనపు మీటర్లు. టిప్పర్‌కు పది చొప్పున 400 ట్రిప్పులు. ఐదు టిప్పర్లు రోజుకు ఎనిమిదేసి ట్రిప్పులు కొడితే పది రోజులు. మన దగ్గర పూడిక తవ్వే యంత్రం ప్రొక్లెయిన్‌కు గంటల లెక్కన బిల్లు ఇస్తారు. గంటలు పెరిగితే డబ్బు పెరుగుతుంది, మట్టి కదలాల్సిన అవసరం లేదు. తీసిన పూడిక టిప్పర్లకు ఖర్చని గట్టు మీదే పోస్తారు, మొదటి గట్టి వానకు అది మళ్లీ లోపలే. పని ముందు, పని తర్వాత లెవెల్స్ (నాలా అడుగు మట్టం కొలతలు) తీసి ఘనపు మీటర్లకే బిల్లు చేయాలి. మట్టి పోసిన చోటు వేబ్రిడ్జి చీటీ జత చేయాలి.

దీనికి క్యాలెండర్ వెనక్కి లెక్కపెట్టాలి. మన దగ్గరికి రుతుపవనాలు జూన్ రెండో వారానికి వస్తాయి. మే 31కి పని అయిపోవాలి. నగరమంతా నలభై ఐదు రోజుల పని అనుకుంటే ఏప్రిల్ 15కు యంత్రాలు దిగాలి. ఒప్పందం ఏప్రిల్ మొదటి వారం, టెండరు మార్చి మొదట్లో, లెవెల్స్ తీసి ఎస్టిమేట్ జనవరి, ఫిబ్రవరిలో. బడ్జెట్ మార్చి ఆఖరున పాసవుతుంది. పాసయ్యాకే పూడిక తీతకు ఫైలు కదిలితే టెండరు ఏప్రిల్, ఒప్పందం మే, ప్రొక్లెయిన్ నాలాలోకి దిగేది మృగశిర కార్తె దాటాక. కాబట్టి వచ్చే ఏడాది పూడిక డబ్బు ఈ ఏడాది సవరించిన అంచనాలోనే, డిసెంబరులో పక్కన పెట్టండి.